ఇసుకలో దిగబడ్డ బొలేరోను బయటికి తెచ్చిన సామాన్లు: తిరుపతిలో కొన్నాం, జైసల్మేర్ దగ్గర వాడాం

ముందు కొన్నవేంటో చెప్పేస్తాను. రేణిగుంట రోడ్డులో కార్ల సామాన్లు అమ్మే ఒక షాపులో ఒక జత ఇసుక బోర్డులు (దిగబడ్డ చక్రాల కింద వేసే, పళ్లున్న ప్లాస్టిక్ పలకలు) 6,500 రూపాయలు, సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చుకునే చిన్న గాలి పంపు 2,200, రెండు చివర్లా ఇనుప కొక్కేలున్న లాగుడు బెల్టు 900, టైర్లలో గాలి చూసుకునే గేజ్ 450. మొత్తం 10,050 అయితే యాభై తగ్గించి పదివేలు తీసుకున్నారు. గేజ్ నేను అడగలేదు. బిల్లు వేసే ముందు అక్కడ పనిచేసే కుర్రాడే తెచ్చి కౌంటర్ మీద పెట్టి, "ఇది లేకుండా మిగతావి తీసుకుపోయి ఏం లాభం అన్నా, ఇసుకలో మొదట చెయ్యాల్సింది గాలి దించడమే కదా" అన్నాడు. ఆ మాట ఎంత నిజమో ఇక్కడికి రెండు వేల కిలోమీటర్ల అవతల తెలిసింది.

ఈ నాలుగింట్లో మమ్మల్ని బయటపడేసింది మొదట ఆ 450 రూపాయల గేజ్, దాని తర్వాత బోర్డులు. పంపు సగం పనిచేసి చేతులెత్తేసింది. బెల్టు మాత్రం దయచేసి ఎవరూ కొనొద్దు, ఇప్పటికే కొని ఉంటే వాడొద్దు. షాపు పేరు రాయడం లేదు, ఎందుకంటే బెల్టు విషయంలో నాకు ఫిర్యాదు ఉంది, ఆ కుర్రాడి మీద మాత్రం లేదు.

మాది బొలేరో. ఇంజన్ బలం వెనక చక్రాలకు మాత్రమే వెళుతుంది, ఫోర్ బై ఫోర్ కాదు. సంక్రాంతి అయ్యాక నేను, మా ఆవిడ, బావమరిది, మా నాన్న బయల్దేరి బెంగళూరు, పుణె, అహ్మదాబాద్, బాడ్‌మేర్ మీదుగా జైసల్మేర్ చేరాం. నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు, చాలా ఏళ్లు తిరుమల ఘాట్ రోడ్డులోనే తిప్పారు. ఎడారి చూడాలన్నది ఆయన కోరిక.

కుర్రాడు ఇంకో మంచి మాట కూడా చెప్పాడు, పోయే ముందు ఎక్కడైనా ఇసుకలో ఒకసారి ప్రాక్టీస్ చేసుకోమని. మా సొంతూరు శ్రీకాళహస్తి ఇవతల స్వర్ణముఖి ఒడ్డున ఉంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఏరు ఎండిపోయి ఇసుకే ఉంటుంది కాబట్టి ఒక ఆదివారం బండ్లు దిగే దారిలోంచి బొలేరోను ఏట్లోకి దించాం. దిగబడింది, బోర్డులు వేశాం, రెండు నిమిషాల్లో పైకి వచ్చేసింది. నాన్న చూసి, వాళ్ల చిన్నప్పుడు లారీలు ఏట్లో దిగబడితే తాటి మట్టలు, చెరకు ఆకు తెచ్చి చక్రాల కింద వేసేవాళ్లని చెప్పారు. మేం ఇంతే కదా అనుకున్నాం. అక్కడే పొరపాటు చేశాం. ఏటి ఇసుక గరుకుగా ఉంటుంది, రేణువుకు రేణువు కొంచెం పట్టుకుంటుంది, పైన పొడిగా ఉన్నా జానెడు లోతులో చెమ్మ ఉంటుంది. థార్ ఎడారి ఇసుక అట్లా కాదు. గాలికి ఎగిరి ఎగిరి ఒకదానితో ఒకటి రాసుకుని నున్నగా అయిపోయిన సన్నటి రేణువులవి, ఏడాదికి 200 మిల్లీమీటర్ల లోపే వాన పడే చోట చెమ్మ ఎక్కడి నుంచి వస్తుంది? గుప్పిట్లోకి తీసుకుంటే నీళ్లలా జారిపోతుంది. ఏట్లో గాలి దించకుండానే బయటికి రాగలిగాం కాబట్టి గేజ్‌ను డ్యాష్‌బోర్డు అరలో పడేసి దాని సంగతే మర్చిపోయాం.

జైసల్మేర్ నుంచి ఎక్కువమంది సమ్ దిబ్బలకు వెళతారు, అది దాదాపు నలభై కిలోమీటర్లు. మేం జనం తక్కువ ఉంటారని ఖూరీ వైపు వెళ్లాం. తిరిగి వచ్చేటప్పుడు ఫోన్‌లో మ్యాప్ ఒక అడ్డదారి చూపించింది. మొదట్లో తారు రోడ్డే, ఒక బండి పట్టేంత వెడల్పు, దాని మీద అక్కడక్కడా గాలికి కొట్టుకొచ్చిన ఇసుక నాలుకల్లా పరుచుకుని ఉంది. వేగంగా దాటేస్తే ఏం కాలేదు. తర్వాత తారు అయిపోయింది. రెండు ట్రాక్టర్ గాడులు మాత్రం ముందుకు పోతున్నాయి. ట్రాక్టర్ పోయిందంటే మన బండి పోదా అని నేనే ముందుకు పోనిచ్చాను. ఇది చదివేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, ట్రాక్టర్ గాడి చూసి దారి ఉందనుకోవద్దు. ట్రాక్టర్ చక్రం పెద్దది, కడుపు నేలకు చాలా ఎత్తులో ఉంటుంది. గాడుల మధ్య ఇసుక దిబ్బలా లేచి ఉంటే దానికి తగలదు, మన బండికి కడుపు మొత్తం ఆనుతుంది.

మూడు నలభైకి ఆగిపోయాం. ఆగేముందు తెలుస్తుంది, స్టీరింగ్ ఉన్నట్టుండి తేలికైపోతుంది, ఇంజన్ గట్టిగా అరుస్తుంది కానీ బండి ముందుకు పోదు, ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు ఉంటుంది. ఆ క్షణంలో కాలు తీసేసి ఉంటే మా కథ పది నిమిషాల్లో అయిపోయేది. నేను ఇంకా తొక్కాను. మూడు నాలుగు సెకన్లు, అంతకంటే ఎక్కువ కాదు. వెనక నుంచి ఇసుక ఫౌంటెన్‌లా లేచింది, బండి వెనక భాగం మెల్లగా కిందికి కూర్చుంది. నాన్న వెనక సీట్లోంచి భుజం మీద చెయ్యేసి, "కాలు తియ్ నాయనా. తొక్కేకొద్దీ నువ్వే గుంత తవ్వుతాండావు" అన్నారు. దిగి చూస్తే వెనక చక్రాలు సగం వరకు ఇసుకలో ఉన్నాయి, వెనక ఇరుసు మధ్యలో గుండులా ఉండే గేర్ల పెట్టె, అంటే డిఫరెన్షియల్, ఇసుక మీద ఆనింది. చక్రం తిరిగేకొద్దీ కింది ఇసుకను వెనక్కి చిమ్మేస్తుంది, ముందు ఒక చిన్న మెట్టు తయారవుతుంది, ఆ మెట్టు ఎక్కలేక ఇంకా కిందికి పోతుంది.

ఫోన్‌లో సిగ్నల్ లేదు. చుట్టూ జిల్లేడు పొదలు, దూరంగా జమ్మి చెట్లు. అవును, అక్కడివాళ్లు ఖేజ్రీ అని పూజించేది మన దసరా జమ్మినే. జనవరి కాబట్టి ఎండ బాధ లేదు, నీళ్లు పది లీటర్లు ఉన్నాయి, కానీ రాత్రికి చలి ఎముకల్లోకి దిగుతుందని ముందు రోజే చూశాం, నాన్నకు డెబ్బై దగ్గర పడ్డాయి. మా ఆవిడకు అసలు టెన్షన్ అదే. బండి వదిలి నడిచి వెళదామా అని బావమరిది అన్నాడు. నాన్న వద్దన్నారు. ఎడారిలో మనిషి కంటే బండి దూరం నుంచి కనిపిస్తుంది, నీడ ఇస్తుంది, నీళ్లు అందులోనే ఉంటాయి, కాబట్టి బండి దగ్గరే ఉండటం సరైన పని.

మొదటి ప్రయత్నంగా నేను చేసింది తప్పే. గాలి దించకుండా, సరిగా తవ్వకుండా, రెండు బోర్డులు వెనక చక్రాల ముందు ఇసుక మీద పడుకోబెట్టి ఫస్ట్ గేర్‌లో తొక్కాను. టైరు బోర్డు అంచును తాకి అక్కడే గిర్రున తిరిగింది, రెండు సెకన్లలో ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. ఎడమ బోర్డు టైరు కిందికి దూరి వెనక నుంచి ఎగిరి ఆరడుగుల దూరంలో పడింది. అదృష్టం, వెనక ఎవరూ లేరు. ఆ బోర్డు ఇప్పుడు నా ముందు ఉంది. మొదటి రెండు వరసల పళ్లు కరిగి, చల్లారి, మైనం కారినట్టు పక్కకు వంగిపోయాయి, వేలితో రాస్తే నున్నగా తగులుతున్నాయి. పట్టు ఇవ్వాల్సింది ఆ పళ్లే. అంటే ఒక్క తప్పుతో బోర్డులో పావు వంతు పోగొట్టుకున్నాం. ఇది బోర్డు లోపం కాదు, ఎంత ఖరీదైన బోర్డు మీదైనా చక్రం తిప్పితే పళ్లు కరుగుతాయి.

అప్పుడు గుర్తొచ్చింది గేజ్. నాలుగు టైర్లలో 35 పీఎస్ఐ దాకా ఉంది గాలి. తాళం చెవి మొనతో వాల్వ్ పిన్ను నొక్కుతూ, మధ్యమధ్యలో గేజ్ పెట్టి చూస్తూ ముందు 18కి దించాం, తర్వాత 15కి. ఒక్కో టైరుకు నాలుగైదు నిమిషాలు పట్టింది. దీని వెనక లెక్క కష్టమేమీ కాదు. బండి బరువు అంతే ఉంటుంది, టైరులో గాలి సగం చేస్తే నేలను తాకే భాగం సుమారుగా రెట్టింపు అవుతుంది, అంటే ప్రతి అంగుళం మీద పడే బరువు సగమవుతుంది. చాలామంది టైరు వెడల్పు అవుతుందనుకుంటారు. నేనూ అట్లాగే అనుకున్నాను. కానీ వంగి కూర్చుని చూస్తే అది ఎక్కువగా పొడవు అవుతోంది, ముందుకీ వెనక్కీ సాగి ట్యాంకు పట్టాలా నేలకు పరుచుకుంటోంది. అందుకే అది ఇసుకను తవ్వకుండా దాని మీద నడుస్తుంది. 15 కంటే కిందికి పోవాలంటే జాగ్రత్త. 12, 10కి దిగాక స్టీరింగ్ గట్టిగా తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడి వచ్చే ప్రమాదం ఉంది, ఆ చోట టైరు ఊడితే ఇక మన వల్ల కాదు.

పార తీసుకెళ్లలేదు. ఇన్ని కొని 300 రూపాయల పార కొనకపోవడం పెద్ద తప్పు, నాలుగు చేతులుంటే చాలనుకున్నాం. స్టీలు అన్నం పళ్లాలతో, బోర్డు కొనతో తవ్వాం. బోర్డు కొన పారలా వాడుకోవచ్చని అట్ట మీద రాసి ఉంది, అది నిజమే, కానీ బండి కిందికి అది దూరదు, అక్కడ పళ్లెమే పనికొచ్చింది. చక్రాల దగ్గర తవ్వితే సరిపోదు. డిఫరెన్షియల్ కింద, కడుపు ఆనిన చోట మొత్తం తీసేయాలి, బండి బరువు చక్రాల మీదికి రావాలి. బరువు కడుపు మీద ఉన్నంతసేపు బోర్డులు ఎన్ని వేసినా దండగే. ఒక పళ్లెం ఇసుక తీస్తే అర పళ్లెం మళ్లీ జారి వస్తుంది. ముప్పావు గంట తవ్వాం.

అప్పుడే మేకలు తోలుకుంటూ ఒక పెద్దాయన వచ్చాడు. తలపాగా, చేతిలో కర్ర. ఆయన ముందు మనుషుల్ని చూడలేదు, వంగి టైర్లు చూశాడు. గాలి తక్కువగా ఉందని బొటనవేలితో నొక్కి చూసి తలూపాడు. బావమరిదికి హిందీ వచ్చు కాబట్టి మాట్లాడాడు. ముందుకు పోకండి, ముందు ఇంకా మెత్తగా ఉంది, వచ్చిన గాడిలోనే వెనక్కి పోండి అని చెప్పాడాయన. ఎంత సులువైన మాటో చూడండి. మేం వచ్చిన గాడి మా చక్రాల కిందే అణిగి గట్టిపడి ఉంది, ముందున్నది ఎవరూ తొక్కని ఇసుక. మేం మాత్రం గంట నుంచి ముందుకు పోవాలనే చూస్తున్నాం.

ఈసారి బోర్డులు వెనక చక్రాల వెనక పెట్టాం. పెట్టడంలోనే ఉంది అసలు పని. చక్రం వెనక ఏటవాలుగా తవ్వి, బోర్డు కొన టైరు కిందికి చీలలా దిగేలా తోసి, రెండో కొన పైకి ఉండేలా వాలుగా పెట్టాలి. కింద ఇసుక మొత్తం ఆనాలి, గుంత మీద వంతెనలా వేస్తే వంగిపోతుంది. పెట్టె మీద పది టన్నులు మోస్తుందని రాసి ఉంటుంది, అది చూసి మురిసిపోవద్దు, కింద నేల ఆనితేనే అది మోసేది. పెద్దాయన జిల్లేడు కొమ్మలు, ఏదో ఎండు గడ్డి తెచ్చి ముందు చక్రాల గాడుల్లో వేశాడు. నాన్న ఆయన్ని చూసి నవ్వారు, చెరకు ఆకు గుర్తొచ్చిందేమో. రివర్స్ గేర్ వేసి, స్టీరింగ్ నిటారుగా పెట్టి, ఆక్సిలరేటర్ తొక్కీ తొక్కనట్టు ఉంచి క్లచ్ వదిలాను. టైరు బోర్డు పళ్లను ఒక్కొక్కటిగా పట్టుకుంటుంటే టక్ టక్ టక్ మని సీటు కింద తెలిసింది. బండి మూడడుగులు వెనక్కి వచ్చి ఆగింది. ఆగనిచ్చాను, ఈసారి తొక్కలేదు. బోర్డులు తీసి మళ్లీ పెట్టాం. నాలుగోసారికి బండి తనంతట తాను నడవడం మొదలుపెట్టింది, గట్టి నేల వచ్చేదాకా ఆపకుండా పోనిమ్మని నాన్న కేకేశారు. అరవై మీటర్లు వెనక్కే నడిపాను. ఐదు నలభై అయింది, సూర్యుడు దిబ్బల మీదికి వాలిపోయాడు.

బోర్డులు ఇసుకలో ఎక్కడ పూడిపోయాయో వెతకడానికి పదిహేను నిమిషాలు పట్టింది. మావి నల్లవి, చీకటి పడే వేళ అసలు కనిపించవు. కొనేవాళ్లు నారింజ రంగువో ఎర్రవో కొనండి, చివర రంధ్రానికి రెండు మీటర్ల రంగు తాడు కట్టి ఉంచండి, బండి దాటిపోయాక తాడు పట్టి లాగితే వచ్చేస్తాయి. డబ్బు ఇస్తే పెద్దాయన తీసుకోలేదు. మా ఆవిడ బ్యాగులోంచి తిరుమల లడ్డు ఇస్తే రెండు చేతులా అందుకుని తలపాగా కొంగులో ముడివేసుకున్నాడు. ఆయన పేరు అడగాలని తర్వాత ఎప్పుడో తట్టింది, దానికి మాత్రం చాలా బాధగా ఉంది.

ఇక బోర్డుల సంగతి. మావి ఒక్కోటి మూడున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు. ఆస్ట్రేలియా మ్యాక్స్‌ట్రాక్స్ లాంటి కంపెనీల బోర్డులకు దీనికి చాలా రెట్లు పెట్టాలి, వాటిలో ప్లాస్టిక్ నాణ్యత ఎక్కువ. ఏడాదికోసారి ఇసుకలోకి వెళ్లే మనలాంటి కుటుంబానికి ఈ 6,500వి చాలు. మాది పావు భాగం కరిగినా పని పూర్తి చేసింది, ఎక్కడా విరగలేదు, పగుళ్లు లేవు. ఈ పద్ధతి ఇప్పటిది కూడా కాదు. రాల్ఫ్ బాగ్నాల్డ్ అనే బ్రిటిష్ సైనిక ఇంజనీరు 1920ల చివర్లో, 1930ల్లో ఫోర్డు కార్లు వేసుకుని ఈజిప్టు, లిబియా ఎడారుల్లో తిరిగేటప్పుడు టైర్లలో గాలి తగ్గించడం, చక్రాల కింద ఉక్కు పలకలు వేయడం రెండూ చేశాడు. 1940లో ఆయన మొదలుపెట్టిన లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ అనే సైనిక దళం ట్రక్కులకు పక్కన ఆ పలకలు వేలాడుతూ ఉండేవి. ఉక్కు పోయి ప్లాస్టిక్ వచ్చింది, వరస మాత్రం అదే, మొదట గాలి, తర్వాత పలకలు.

పంపు దగ్గరికి వస్తే నిరాశే. ఇసుకలోంచి బయటపడ్డాక తారు రోడ్డు మీద 15 గాలితో నడపకూడదు, టైరు పక్కలు వంగి వంగి వేడెక్కి చెడిపోతాయి. పంపు సాకెట్‌లో పెట్టాం. మొదటి టైరు 15 నుంచి 33 రావడానికి తొమ్మిది నిమిషాలు, పంపు ముట్టుకోలేనంత కాలిపోయింది. రెండో టైరు మధ్యలో టప్ మని ఆగింది. సాకెట్ ఫ్యూజ్ పోయింది. ఆ సాకెట్ మామూలుగా పది, పదిహేను ఆంపియర్ల వరకే ఇస్తుంది, అంతకంటే లాగే పంపు ఏదైనా అందులో పెడితే ఇదే జరుగుతుంది, అట్ట మీద ఎంత గొప్పగా రాసినా సరే. ఇంకో సంగతి, పంపు మీదున్న మీటర్ 33 చూపిస్తే గేజ్ 29 చూపించింది. జైసల్మేర్‌లో టైర్ల షాపులో చూపిస్తే గేజే కరెక్ట్. మిగతా టైర్లు తక్కువ గాలితోనే ముప్ఫై కిలోమీటర్ల వేగంతో, మలుపుల దగ్గర ఇంకా మెల్లగా, హజార్డ్ లైట్లు వేసుకుని ఆ షాపు దాకా వచ్చాం. వచ్చాక నేను బ్యాటరీకి నేరుగా క్లిప్పులు తగిలించే పెద్ద పంపు తీసుకున్నాను, 5,800 అయింది, ఒక్కో టైరు మూడు నాలుగు నిమిషాల్లో నింపుతోంది. ఇంజన్ ఆన్‌లో ఉంచి వాడాలి, రెండు టైర్లకొకసారి చల్లారనివ్వాలి. చిన్న పంపు ఊళ్లో టైరు కొంచెం తగ్గినప్పుడు వాడుకోవడానికి బాగానే ఉంది, ఎడారికి మాత్రం కాదు.

బెల్టు సంగతి రాయడానికి ఇప్పటికీ చెయ్యి వణుకుతుంది. మర్నాడు సమ్ వైపు రోడ్డు పక్కన ఒక కారు దిగబడి ఉంది. లోపల ఇద్దరు చిన్నపిల్లలు. ఎదురుగా వచ్చే బస్సుకు దారి ఇవ్వడానికి తారు దిగారట. ముందు రోజు మనకు ఒకరు సాయం చేశారు కదా అని ఆగాం. బెల్టు ఒక కొక్కెం వాళ్ల ముందు బంపర్ రింగుకు, ఇంకోటి మా బండి వెనక హుక్కుకు తగిలించాం. నాన్న పిల్లల్ని, ఆడవాళ్లని బాగా దూరం పంపేశారు, బెల్టు పొడవుకు ఒకటిన్నర రెట్లు అవతల ఉండాలని తర్వాత తెలిసింది గానీ ఆయనకు అప్పటికే తోచింది. మెల్లగా లాగాను. బెల్టు బిగిసింది, వాళ్ల వైపు కొక్కెం మెల్లగా తెరుచుకుంది, దాని మూతి నిటారుగా అయిపోవడం అద్దంలో నాకు కనిపించింది. అంతే. కొక్కెం ఎగిరి వచ్చి మా వెనక డోర్ మీదున్న స్పేర్ టైరు కవర్‌ను చీల్చుకుని టైరుకు తగిలి కింద పడింది. ఆ టైరు అక్కడ లేకపోతే అద్దం పగిలి వెనక సీట్లోకి వచ్చేది. మా ఆవిడ మామూలుగా కూర్చునేది అక్కడే.

బిగించి లాగే తాడుకు ఇనుప కొక్కెం ఉండకూడదు. రెండు చివర్లా కుట్టిన లూపులుండి, ఎంత బరువు మోస్తుందో ముద్ర వేసిన, బోల్టుతో మూసుకునే ఇనుప కొండీ లాంటి షాకిల్‌తో, కంపెనీ ఇచ్చిన టోయింగ్ పాయింటుకే తగిలించాలి. ట్రైలర్ తగిలించే గుండు లాంటి బాల్‌కు అస్సలు తగిలించొద్దు, అది విరిగి ఎగిరి ప్రాణాలు తీసిన ఘటనలు విదేశాల్లో ఉన్నాయి. తాడు మధ్యలో బరువైన దుప్పటో తడిపిన గోనెసంచో వేస్తే తెగినా అంత దూరం ఎగరదు. ఇంకోటి, మామూలు లాగుడు బెల్టు వేరు, సాగి విడిచే కైనటిక్ తాడు వేరు. మొదటిదానితో బండిని ఉరికించి లాగితే ఏదో ఒకటి విరుగుతుంది. ఆ కారును చివరికి మా బోర్డులు, మా గేజ్‌తోనే బయటికి తీశాం. వాళ్ల టైర్లు 18కి దించి, చక్రాల ముందు తవ్వితే రెండోసారికే వచ్చేసింది. అది ముందు చక్రాల డ్రైవ్ కారు కాబట్టి బోర్డులు ముందు చక్రాల కింద పెట్టాం. అంటే బెల్టు అవసరమే రాలేదు.

ఆ తర్వాతి రోజు లోంగేవాలా వెళ్లాం. 1971 డిసెంబర్ యుద్ధంలో పట్టుబడ్డ పాకిస్తాన్ ట్యాంకులు అక్కడ పెట్టారు. రోడ్డు దిగిన బండ్లు, ట్యాంకులు ఇసుకలో దిగబడితే తెల్లారాక జైసల్మేర్ నుంచి వచ్చిన హంటర్ విమానాలు వాటిని కొట్టాయి. పట్టాల మీద నడిచే ట్యాంకే దిగబడిన చోటది. నాన్న ఒక ట్యాంకు పట్టా మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డారు. ఫోర్ బై ఫోర్ ఉంది కదా, మాకు ఇవన్నీ అక్కర్లేదు అనేవాళ్లకు నేను ఆ ట్యాంకు సంగతే చెబుతున్నాను. ఫోర్ బై ఫోర్ బండి అయినా టైర్లలో గాలి దించకపోతే నాలుగు చక్రాలతో తవ్వుకుంటుంది. కొత్త బండ్లలో చక్రం ఉన్నచోటే తిరగకుండా అడ్డుకునే ట్రాక్షన్ కంట్రోల్ ఉంటే ఇసుకలో దాన్ని ఆపేయాలి, లేకపోతే సరిగ్గా కావాల్సినప్పుడే ఇంజన్ బలం తగ్గించేస్తుంది. పొద్దున్నే ఇసుక చల్లగా, కొంచెం గట్టిగా ఉంటుంది, అలాంటి దారులు పొద్దున్నే దాటడం మేలు. ఎక్కడైనా ఆపాల్సి వస్తే ముందు చక్రాలు పల్లం వైపు ఉండేలా ఆపండి.

తిరుపతి వచ్చాక ఆ తెరుచుకున్న కొక్కెం తీసుకుని షాపుకు వెళ్లాను. కుర్రాడు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి మాట్లాడలేకపోయాడు. ఓనర్ మాత్రం మీరు ఎక్కువ లాగి ఉంటారు అన్నాడు. డబ్బు వెనక్కి ఇవ్వలేదు, బదులుగా వేరే వస్తువు తీసుకోమన్నాడు. నేను మడత పార, వాల్వ్‌కు బిగిస్తే తనంతట గాలి దించే చిన్న స్క్రూలు నాలుగు తీసుకున్నాను, పైన 350 కట్టాను. పోయిన వారం మళ్లీ వెళితే కొక్కేల బెల్టులు అదే గోడకు వేలాడుతున్నాయి. కుర్రాడు మాత్రం నన్ను చూసి, వచ్చినవాళ్లకు అది చూపించడం మానేశానన్నా, లూపులవే ఇస్తున్నా అన్నాడు.

బోర్డులకు నాలుగున్నర, గేజ్‌కు ఐదుకు ఐదు, చిన్న పంపుకు రెండు, బెల్టుకు సున్నా. ఆదివారం మళ్లీ స్వర్ణముఖిలో దిగాం, ఈసారి నాన్న స్టీరింగ్ దగ్గర కూర్చున్నారు. టైర్లు 16కి దించుకుని దిగితే బోర్డులు డిక్కీలోంచి తీయాల్సిన పనే రాలేదు.